చెట్టు పాదాల మీది మట్టి

ఆ ఏడాది నడివేసవి పండగ మొదలుకుని ఎనిమిది వారాలపాటు మా అత్తయ్య పక్కింటి సౌనాకి ఆవిరి స్నానానికి వెళ్ళింది. మా పెరట్లో ఆమె కోసమే కట్టిన కొత్త సౌనా ఉంది. ఎనిమిది వారాలూ దాని పొయ్యిలో కట్టెలు మండాయి, రాళ్ళు కాగాయి. నేనూ, నా భర్త రౌనో ఆ ఆవిరిలో మాటా పలుకూ లేకుండా కూర్చుని చెమటలు కక్కాం.

మా వైపు వారమంతా ఎంత పోట్లాడుకున్నా, శనివారం సాయంత్రం సౌనా గుమ్మం బయట చెప్పులతో పాటు కోపం కూడా వదిలేసి లోపలికి వెళ్తాం. అలాంటిది సొంత సౌనా కాగుతుండగా తువ్వాలు భుజాన వేసుకుని పక్కింటికి నడవడమంటే కొడుకు మొహాన తలుపు వేసినట్టే. మా అత్తయ్య లెంపి ఆ పని అందరికీ కనబడేలా రోడ్డు మధ్యలో నడిచి మరీ చేసింది.

తప్పు రౌనోదని ఊరంతా అనుకుంది. అత్తయ్య కూడా అలాగే అనుకుంటోందని నా నమ్మకం. నిజానికి తప్పు నాది. ఆ మాట చెప్పడానికి ఆగస్టు దాకా నాకు నోరు పెగల్లేదు.

అది 1979. మే మొదట్లో అత్తయ్యకి కంట్లో శుక్లాలు తీయించడానికి పట్నం తీసుకెళ్ళాం. ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు అక్కడే తన చెల్లెలింట్లో ఉండాలన్నారు. ఆమె తిరిగొచ్చేలోపు సౌనా పూర్తిచేసి, పండగకి ఆమె చేతే రాళ్ళ మీద మొదటి నీళ్ళు పోయించాలని రౌనో పంతం పట్టాడు. రోడ్డు పనుల్లో మట్టి తవ్వే యంత్రం నడిపే మనిషి. ఎక్కడైనా మిట్టాపల్లం కనిపిస్తే అతని చేతులు ఊరుకోవు. పునాది గుంట ఒక్క పూటలో తవ్వేశాడు. తవ్విన మట్టి పెరట్లో గుట్టలా పడి ఉంది.

"దీన్నెక్కడ పొయ్యాలో చెప్పు," అన్నాడు కాఫీ తాగుతూ.

"ఆ భూర్జ చెట్టు కింద వేళ్ళు చూశావా?" అన్నాను నేను. "పైకి తేలి ఎలా ఉన్నాయో! మీ అమ్మ కొత్త కళ్ళద్దాలతో వాటికి తట్టుకుని పడిందనుకో, కళ్ళొచ్చాయని సంతోషించేలోపే తుంటి విరుగుతుంది. వాటి మీద పోసి చదును చేసెయ్."

"నీ బుర్రే బుర్ర," అన్నాడు రౌనో మెచ్చుకుంటూ. నేను పొంగిపోయాను కూడా.

ఆ చెట్టు కథ మా ఇంటికి ఒక్కసారి వచ్చినవాళ్ళకి కూడా తెలుసు. యుద్ధం చివర్లో సరిహద్దు జరిగి, అత్తయ్య పుట్టిన తూర్పు ప్రాంతం కరేలియా అవతలి దేశం పాలైంది. అప్పుడు అత్తయ్య ఆవుని తోలుకుంటూ, పాల క్యానులో ఒక మొక్క పెట్టుకుని ఇటు నడిచొచ్చింది. అది పుట్టింటి వాకిట్లోని భూర్జ మొక్క. సర్కారు ఇచ్చిన ఈ తడినేలలో ఇల్లు లేవక ముందే చెట్టు లేచింది. మా మామయ్య ఎమెలి బతికున్నన్నాళ్ళూ, ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి, దాని తెల్లటి మాను తట్టి చూపించి, ఆ తర్వాతే కాఫీకి కూర్చోబెట్టేవాడు.

ఆ మాను చుట్టూ రౌనో మోకాలెత్తు మట్టి పోశాడు. యంత్రాన్ని అటూ ఇటూ నడిపి అణిచాడు. పైన గడ్డి విత్తనం చల్లాడు. జూన్ వచ్చేసరికి పెరడంతా పచ్చగా, పరుపు పరిచినట్టు తయారైంది.

అత్తయ్య సీసా అడుగులాంటి మందపు కళ్ళద్దాలతో కారు దిగింది. సౌనా వైపు చూసింది, తలూపింది. తర్వాత చెట్టు దగ్గరికి వెళ్ళి చాలాసేపు కిందికి చూస్తూ నిలబడింది.

"దీని పాదాలేవి?" అంది.

మొదలు దగ్గర నల్లగా పగిలి, వెడల్పుగా నేలని పట్టుకుని ఉండే మాను ఇప్పుడు కరెంటు స్తంభం పాతినట్టు నేరుగా మట్టిలోకి దిగిపోయింది. ఆమె అడిగేదాకా నేనది గమనించలేదు.

"నువ్వు తట్టుకుని పడతావని కప్పానమ్మా," అన్నాడు రౌనో.

"ముప్పైమూడేళ్ళు ఆ వేళ్ళ మీద నడిచాను. కళ్ళు కనబడనప్పుడు పడలేదు, కనబడ్డాక పడతానా?"

"చదునుగా బాగుంది కదా!"

"సమాధీ చదునుగానే ఉంటుంది. ఈ మట్టి తీసెయ్ రౌనో. భూర్జానికి వేళ్ళు పైపైనే ఉంటాయి. ఇంత మట్టి మీద పడితే ఊపిరాడదు దానికి."

"పదిహేనేళ్ళుగా రోడ్ల పక్కన ఇలాంటి చెట్లు వందకి మట్టి పోసుంటాను. ఒక్కటీ చావలేదు."

"మళ్ళీ వెళ్ళి చూశావా ఎప్పుడైనా?"

జవాబు లేనప్పుడు రౌనోకి కోపం వస్తుంది. "పండగ కానివ్వు, చూద్దాం," అని సౌనాలోకి వెళ్ళిపోయాడు. అత్తయ్య నా వైపు తిరిగింది. నేను చెప్పాల్సిన క్షణం అదే. వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ అడగని కాఫీ పెట్టాను.

పండగ వచ్చింది. ఆనవాయితీ ప్రకారం గుమ్మానికి రెండు పక్కలా రౌనో రెండు లేత భూర్జ చెట్లు కొట్టి తెచ్చి నిలబెట్టాడు. స్నానంలో ఒంటి మీద కొట్టుకునే ఆకుకొమ్మల కట్టలు ఏటా అత్తయ్యా నేనూ కట్టేవాళ్ళం, పెరటి చెట్టు కింది కొమ్మలు కోసి. ఆ కట్టని ఆమె తన కరేలియా యాసలో వాస్తా అంటుంది, పడమటి తీరం నుంచి వచ్చిన నేను విహ్తా అంటాను. పన్నెండేళ్ళ కాపురంలో ఆమే మారలేదు, నేనూ మారలేదు. ఆ రోజు కత్తి తీసుకుని చెట్టు దగ్గరికి నేనే వెళ్ళాను.

"హిల్కా! జబ్బు చేసిన ఆవుని పిండుతావా?" అని అత్తయ్య వసారాలోంచి కేకేసింది. నేను సరస్సు ఒడ్డుకి పోయి వేరే కొమ్మలు తెచ్చుకున్నాను.

సాయంత్రం రాళ్ళు బాగా కాగాయి. రౌనో కొత్త చెక్క గరిటె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి పిలిచాడు. "అమ్మా! మొదటి ఆవిరి నీదే, రా!"

అత్తయ్య ఉతికిన బట్టల మూట చంకన పెట్టుకుని, తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చింది. రౌనో పక్కకి జరిగి దారిచ్చాడు. ఆమె సౌనా ముందు నుంచే నడిచి, గేటు తీసుకుని, పక్కింటి ఇంపి వాళ్ళ వైపు వెళ్ళిపోయింది. రౌనో గరిటెలోని నీళ్ళు గడప మీద కారిపోతున్నా అలాగే నిలబడ్డాడు.

"వేడి పోతోంది. లోపలికి రా," అన్నాను.

గురువారాల్లో ఊరూరూ తిరిగి సరుకులమ్మే దుకాణం బండి మా మలుపు దగ్గర ఆగేది. లోపల ఇద్దరు పట్టేంత చోటు, బయట పదిమంది కబుర్లు. ఇంపి మా పక్కింటి విధవరాలు, గొంతు మాత్రం సరస్సు అవతలికి వినబడుతుంది. ఒక గురువారం నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"ఏమే హిల్కా, మీ కొత్త సౌనాలో దయ్యమేమైనా చేరిందా? మీ అత్త వారం వారం మా పాత కొంపలో పొగ మింగి పోతోంది!"

"రౌనో కట్టాడుగా," అన్నాడు బండి నడిపే కుర్త్తి, తూకం మీద చక్కెర పొట్లం పెడుతూ. "అడుగున జల్లి, మీద తారు పోసుంటాడు. కూర్చుంటే అంటుకుపోతారేమో!"

అందరూ నవ్వారు. నా మొహం మండిపోయింది. వెనకనుంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"సౌనా లక్షణంగా ఉంది. నా కొడుకు చేతిపనికి వంక పెట్టే మొనగాడు ఈ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. నాకు వెళ్ళాలని లేదు, వెళ్ళట్లేదు. ఈస్టు ఇస్తావా, ఇంకా నవ్వుతావా?"

కుర్త్తి గబగబా ఈస్టు ఇచ్చాడు. ఇంపి గొంతు తగ్గించి, "ఇలా ఎన్నాళ్ళే లెంపీ?" అని అడిగింది.

"చలికాలం దాకా. ఆకు రాలాక పట్నం వెళ్ళి మా చెల్లెలి దగ్గరే ఉండిపోతా. అక్కడ మూడో అంతస్తు. కిటికీలోంచి చూస్తే పక్క మేడ గోడ తప్ప చెట్టన్నది కనబడదు. చచ్చేది చూస్తూ కూర్చోనక్కర్లేదు."

ఆ సంగతి నేను వినడం అదే మొదలు. ఇంటికొచ్చి ఆమె గదిలోకి తొంగిచూశాను. పట్నం నుంచి తెచ్చిన పెట్టె మంచం కాళ్ళ దగ్గర బట్టలు బయటికి సర్దకుండా అలాగే ఉంది. జూన్ నుంచి ఆమె అందులోంచే బట్టలు తీసి, అందులోనే పెట్టుకుంటోందన్నమాట. ఆమె వెళ్ళిపోతే రౌనో పైకి ఏమీ అనడు, కానీ ఆ సౌనాలోకి మళ్ళీ అడుగుపెట్టడు. నాకది ఖాయంగా తెలుసు.

జూలైలో వానలు పడలేదు. చెట్టు పైకొమ్మల్లో ఆకులు పసుపు తిరిగాయి. ఆకు రాలడానికి ఇంకా రెండు నెలలుండగానే కొత్త గడ్డి మీద పసుపు నాణేల్లా రాలడం మొదలైంది. అత్తయ్య బంగాళాదుంపల గునపం తీసుకుని, మాను మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని, మట్టి తవ్వడం మొదలుపెట్టింది. పొద్దున ఒక బకెట్టు, సాయంత్రం ఒక బకెట్టు. అరవైయేడేళ్ళ మనిషి! మధ్యలో నడుం పట్టుకుని ఆగేది, మళ్ళీ వంగేది. మమ్మల్ని సాయం అడగలేదు.

ఆ తవ్వకం రౌనోకి వంటింటి కిటికీలోంచి కనిపించేది. "గడ్డి పాడుచేస్తోంది," అనేవాడు. కానీ ఆమె తీసిన మట్టిని ఏనాడూ తిరిగి పూడ్చలేదు.

"నువ్వు యంత్రం తెస్తే అరగంట పని కదా," అన్నాను ఒకరోజు చేపల ముక్కలు వడ్డిస్తూ.

"యంత్రమా? దాని బరువుకి వేళ్ళు నలిగి పిండైపోవూ?" అన్నాడు విసుగ్గా.

అన్నాక ఆ మాట అతని చెవికే వినబడింది. మేలో అదే యంత్రం ఆ వేళ్ళ మీద ఎన్నిసార్లు తిరిగిందో ఇద్దరికీ తెలుసు. ఫోర్కు పళ్ళెంలో పెట్టేసి, తినకుండా బయటికి వెళ్ళిపోయాడు. అతని వీపు చూస్తుంటే నాకు నా మీదే అసహ్యం వేసింది.

ఆగస్టు నడిమిలో ఒక శుక్రవారం, రౌనో పనిలో ఉండగా, నేను పార పట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్ళాను.

"పార వద్దు," అంది అత్తయ్య తలెత్తకుండా. "మొన తగిలితే వేరు తోలు లేస్తుంది. చేత్తో తియ్యి."

ఆమె పక్కనే కూర్చుని చేతులతో తవ్వాను. బంకమట్టి గోళ్ళలోకి దిగింది.

"వేళ్ళు కప్పమన్నది నేనే అత్తయ్యా. రౌనోకి ఆ ఆలోచనే లేదు. నేను చెప్పాను, అతను చేశాడు."

ఆమె తవ్వడం ఆపలేదు. "తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"వచ్చిన రోజు నుంచి. వేరు కాలికి తగిలి బోర్లాపడినా వాడికి కనబడదు. తట్టుకుని పడతానన్న తెలివి వాడిదా?" చేతుల మట్టి దులుపుకుంది. "మట్టి పోసినందుకు నాకు కోపం లేదే. తియ్యమంటే తియ్యలేదు, అదీ నా కోపం."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. "మీ పుట్టింటి చెట్టు. అంత దూరం నుంచి మోసుకొచ్చారు. నా నోటి దురద వల్ల పోతోంది."

అత్తయ్య నా మట్టి చెయ్యి పట్టుకుని, కిందికి వంగిన ఒక కొమ్మ చివర మీద నా బొటనవేలు పెట్టింది.

"ఎలా ఉంది?"

"మెత్తగా ఉంది. నూగు."

"మా పుట్టిల్లు ఇసుక దిబ్బ మీద. అక్కడి భూర్జాలకి చిగురుకొమ్మ గరుకుగా ఉంటుంది, చెమటకాయలు పొక్కినట్టు. ఈ నూగు రకం తడినేలది. పన్నెండేళ్ళు ఈ కొమ్మలతో కట్టలు కట్టావు, నీకెప్పుడూ అనుమానం రాలేదా?"

కట్టలు కట్టే ఎవరికైనా తెలిసే తేడా అది. గరుకుదీ, నూగుదీ వేరువేరు చెట్లు. నా వేలికి పన్నెండేళ్ళుగా తెలుసు, బుర్రకే ఎక్కలేదు.

"క్యానులో తెచ్చింది రెండో చలికాలంలో ఎండిపోయింది," అంది. "అప్పుడు వేరేవాళ్ళ ఇంట్లో ఒక గదిలో తలదాచుకుంటున్నాం. ఎమెలి అడవిలో కలప కొట్టడానికి వెళ్ళాడు. రౌనో కడుపులో ఉన్నాడు. ఆ ఎండుపుల్ల పట్టుకుని ఎంత ఏడ్చానో! వసంతంలో ఈ భూమి ఇచ్చారు. అదిగో, ఆ కాలవ గట్టున మొలిచిన మొక్క ఒకటి పీకి ఇక్కడ పెట్టాను. ఆ రోజు ఏడుపు రాలేదు. ఆకలి వేసింది, రొట్టె తిన్నాను. ఎమెలి వచ్చి చూసేసరికి చిగురేసింది. 'బతికింది లెంపీ, మన ఊరు బతికింది' అని దాన్ని పట్టుకుని భోరుమన్నాడు. ఇంకేం చెప్తాను?"

"ఎవరికీ చెప్పలేదా?"

"లేదు. వీడికీ చెప్పకు. వాళ్ళ నాన్న చూపించి చెప్పిన చెట్టు ఇది."

"మరి నాకెందుకు చెప్పారు?"

"నువ్వు నీది చెప్పావు కదే."

రౌనో పోయి రెండేళ్ళయింది, కాబట్టి ఇప్పుడు నేను చెప్పొచ్చు. అతనికి మాత్రం చివరిదాకా చెప్పలేదు.

ఆ సాయంత్రం రౌనో పని నుంచి వచ్చేసరికి ఇద్దరం మోచేతుల దాకా మట్టితో ఉన్నాం. మమ్మల్ని చూశాడు. కొట్టంలోకి వెళ్ళి చక్రాల బండి తోసుకొచ్చాడు. పార తెచ్చాడు కానీ మా చేతులు చూసి పక్కన పడేశాడు. కోటు విప్పి చెట్టుకి అవతలి వైపు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

నేనతనికి చెప్పబోయాను, తప్పు నాదని వాళ్ళమ్మకి చెప్పేశానని. అతను తలెత్తలేదు. "తవ్వు," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి పాత నేల తగిలింది. కొన్ని వేళ్ళు నల్లబడి పులిసిన వాసన వేస్తున్నాయి. కొన్నింటికి తోలు గట్టిగానే ఉంది. యంత్రం పట్టీలు నలిపిన గుర్తులు ఒక పెద్ద వేరు పొడుగునా ఉన్నాయి. రౌనో వాటి మీద అరచెయ్యి పెట్టాడు.

"దీని మీదుగా నడిపానమ్మా," అన్నాడు.

"కనబడుతోంది," అంది అత్తయ్య. "కళ్ళు బాగయ్యాయిగా."

రౌనో నవ్వబోయాడు, నవ్వు రాలేదు. మొహం అటు తిప్పుకుని మిగిలిన మట్టి బండిలోకెత్తి, సౌనా వెనక్కి తోసుకెళ్ళి కుప్ప పోశాడు. తిరిగొచ్చేసరికి అత్తయ్య నడుం పట్టుకుని లేచి నిలబడి ఉంది.

"సౌనా పొయ్యి పెట్టావా?" అని అడిగింది.

"ఇంకా లేదు."

"పెట్టు మరి. ఈ మట్టితో ఇంపి ఇంటికి ఎలా పోతాను?" నా వైపు తిరిగింది. "లోపల విహ్తా ఏమైనా ఉందా, నేనిప్పుడు కట్టాలా?"

మా పడమటి తీరం మాట ఆమె నోట వినడం పన్నెండేళ్ళలో అదే మొదటిసారి. విననట్టే ఊరుకుని, ఎండకట్టిన కట్ట నీళ్ళలో నానబెట్టడానికి వెళ్ళాను. ఆ సాయంత్రం మొదటి గరిటె నీళ్ళు ఆమే పోసింది. ఆమె ముందుకి వంగి కూర్చుంటే రౌనో ఆమె వీపు మీద ఆ కట్టతో మెల్లగా కొట్టాడు. మర్నాడు ఆమె పెట్టె ఖాళీగా అటక మీద ఉంది.

చెట్టు సగమే బతికింది. మరుసటి వసంతంలో కింది కొమ్మలు చిగురించాయి, తల మాత్రం ఎండిపోయింది. రౌనో నిచ్చెన వేసుకుని ఆ ఎండు కొమ్మలు కోయబోతే, "ఆకు పూర్తిగా రానివ్వు, ఇప్పుడు కోస్తే నీరు కారిపోతుంది," అని అత్తయ్య ఆపింది. ఈసారి అతను మారుమాట్లాడకుండా నిచ్చెన దిగాడు.

జూన్‌లో ఒక పొద్దున అతను సౌనా వెనకనుంచి కేకలు పెట్టాడు. "అమ్మా! హిల్కా! రండి, ఇటు రండి!"

మేము తవ్వి పోసిన మట్టి కుప్ప మీద, గోరంత ఆకులతో, వందల కొద్దీ భూర్జ మొక్కలు మొలిచాయి. రాలిన విత్తనానికి ఎవరూ తొక్కని ఉత్త నేల దొరికింది మరి. రౌనో ఆ మట్టిలోనే మోకరిల్లి ఉన్నాడు, మొహం వెలిగిపోతోంది.

"చూశావా అమ్మా! కరేలియా పిల్లలు!"

అత్తయ్య నెమ్మదిగా కూర్చుంది. ఒక మొక్కని బొటనవేలితో తడిమింది. నేను ఆగలేకపోయాను.

"ఎలా ఉంది అత్తయ్యా? గరుకా, మెత్తగానా?"

కళ్ళద్దాల మీదుగా నన్నో చూపు చూసింది. "ఇంత చిన్నప్పుడు అన్నీ నూగుగానే ఉంటాయే. ఏ నేలదో పెరిగాక గానీ తెలియదు."

"ఏ నేలదైతే ఏంటమ్మా," అన్నాడు రౌనో, మట్టి దులుపుకుంటూ. "ఇక్కడ మొలిచింది, ఇక్కడిదే."

అత్తయ్య వేలు ఆ ఆకు మీదే ఆగిపోయింది. ముప్పైనాలుగేళ్ళు ఏ మాట వాళ్ళ నాన్నకి చెప్పలేక దాచుకుందో, ఆ మాట రౌనో ఏమీ తెలియకుండానే అనేశాడు. ఆమె కళ్ళద్దాలు తీసి గౌను చేతికి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది. లేవడానికి కొడుకు భుజం పట్టుకుంది.

"సరే," అంది. "ఈ కుప్పని మాత్రం చదును చెయ్యకు."